పెందుర్తి పెరడు: పోయిన పట్టు, నిలిచిన పట్టు

అడవివరం దగ్గర, సింహాచలం కొండ కింద నేను పదహారేళ్ళుగా తేనెటీగల్ని పెంచుతున్నాను. అన్నీ మన పుట్టతేనెటీగలే, ఐరోపా ఈగల జోలికి పోలేదు. ఆదివారం పూట ఎవరైనా నేర్చుకుంటామని వస్తే పెట్టె తెరిచి చూపిస్తాను. వాళ్ళలో చాలామంది ఉత్సాహంగా పెట్టె కొనుక్కుని, మొదటి వానాకాలంలోనే ఈగల్ని పోగొట్టుకుని, మళ్ళీ ఆ ఊసెత్తరు. ఎందుకు పోయాయని అడిగితే ఎవరి దగ్గరా వివరం ఉండదు. ఖాళీ పెట్టె ఫొటో ఒకటి పంపుతారు, అంతే.

ఈ కేసులో అలా కాలేదు. పెందుర్తిలో ఉండే ఒక హైస్కూలు టీచరు గారు మొదటి రోజు నుంచీ నోటుపుస్తకంలో అన్నీ రాసుకున్నారు. ఈగలు లేచిపోయిన రోజు సాయంత్రమే నేను వెళ్ళి పెట్టె చూడగలిగాను. ఆవిడ మళ్ళీ మొదలుపెట్టారు కూడా. ఒకే పెరడు, ఒకే పెట్టె, ఒకే మనిషి. మొదటి పట్టు (అంటే ఒక గూటి ఈగల గుంపు) తొమ్మిది వారాలకి పోయింది, రెండోది ఇప్పటికీ ఉంది. పక్కపక్కన పెట్టి చూసే అవకాశం నాకు ఇన్నేళ్ళలో ఇదే మొదలు. ఆవిడ అనుమతితోనే రాస్తున్నాను, పేరు మాత్రం వద్దన్నారు.

ముందు పెరడు సంగతి. ఇంటి వెనక రెండు కొబ్బరిచెట్లు, ఒక మునగ, కరివేపాకు, తులసి. గోడ అవతల ఇంకా ఇళ్ళు కట్టని లేఅవుట్, అందులో తుమ్మ, రేగు, రెండు కానుగ చెట్లు. మన ఈగ మేతకి కిలోమీటరు, కిలోమీటరున్నర మించి పోవడం తక్కువ. ఆ చుట్టుకొలతలో పెందుర్తి వైపు ఇంకా చెట్టూ చేమా ఉన్నాయి. నగరం నడిబొడ్డులో అపార్టుమెంటు డాబా మీద పెట్టేవాళ్ళతో పోలిస్తే ఇది మంచి స్థలమే. పెట్టె కూడా సరైనదే, దేశవాళీ ఈగకి వాడే ఐ.ఎస్.ఐ. ‘ఎ’ రకం. ఫ్రేముల (లోపల వేలాడే చెక్క చట్రాల) మధ్య సందు మన ఈగ ఒంటికి సరిపోవాలి. అది ఎక్కువైతే మధ్యలో అడ్డదిడ్డంగా అట్టలు (మైనపు గదుల పలకలు) కట్టేస్తుంది. ఆ లోపం ఇక్కడ లేదు.

లోపం నెలలో ఉంది. ఆవిడ ఈగలతో సహా పెట్టె కొన్నది జూన్ రెండో వారంలో, బడులు తెరిచే ముందు. విశాఖలో ఈగకి కడుపునిండే కాలం సంక్రాంతి నుంచి మే దాకా. మునగ, జీడిమామిడి, వేప, నేరేడు, కానుగ, చింత ఒకదాని వెనక ఒకటి పూస్తాయి. జూన్‌లో వానలు మొదలయ్యాక పూలు తగ్గుతాయి, ఉన్న పూలలో మకరందం వానకి కొట్టుకుపోతుంది, ముసురు రోజుల్లో ఈగ గూడు దాటి రాదు. మళ్ళీ రేగు పూసేదాకా కరువే. జూన్‌లో కొన్న పట్టు అంటే కరువు ముంగిట్లో కొన్న పట్టు. అమ్మేవాళ్ళకి అప్పుడు అమ్మితే వానల్లో పంచదార పెట్టి మేపే ఖర్చు తప్పుతుంది. కొనేవాళ్ళకి ఆ లెక్క తెలియదు. ఆవిడ నా దగ్గరికి వచ్చేసరికే పెట్టె ఇంటికి చేరిపోయింది.

నేను చేసిన తప్పు అక్కడే మొదలైంది. “వారానికోసారి తెరిచి చూస్తుండండి, చూస్తేనే అలవాటవుతుంది” అన్నాను. ఆ మాట నాకు ఐరోపా ఈగల మీద రాసిన పుస్తకాల్లోంచి వచ్చింది. ఐరోపా ఈగ ఓర్చుకుంటుంది. మన ఈగ ఓర్చుకోదు. మూత తీసి ఫ్రేము కదపగానే అది అట్ట మీద పరుగులు పెడుతుంది, అడుగు అంచుకి పోయి గుత్తిలా వేలాడుతుంది. పిల్లలున్న (గుడ్లు, పురుగులున్న) అట్టని 34-35 డిగ్రీల దగ్గర నిలబెట్టుకోవడం దాని రోజువారీ పని. మనం అరగంట తెరిచి ఉంచితే ఆ వేడిని మళ్ళీ కూడగట్టడానికి తిండి ఖర్చవుతుంది. తిండి ఉన్న కాలంలో ఆ ఖర్చు కనబడదు. జూలైలో కనబడుతుంది.

నోటుపుస్తకం ప్రకారం తొమ్మిది వారాల్లో పదిహేడుసార్లు తెరిచారు. ఆదివారాలు తప్పనిసరి, మధ్యలో సెలవు దొరికినప్పుడల్లా ఇంకోసారి. జూలై మొదటి వారంలో వాళ్ళబ్బాయి రుచి చూస్తానంటే అరచేతంత తేనె అట్ట కోశారు. పంచదార పాకం నేను పెట్టమన్నాను, పెట్టారు, కానీ మధ్యాహ్నం పూట, పెట్టె వాకిలి (ఈగలు వచ్చిపోయే కంత) పక్కనే గిన్నెలో. దాంతో చీమలు పట్టాయి, ఎక్కడెక్కడి ఈగలో వచ్చి కొట్లాడుకున్నాయి. భయపడి పాకం ఆపేశారు. ఆపేసినట్టు నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు.

పుస్తకంలో నన్ను నిలబెట్టేసిన వాక్యం జూలై 20 నాటిది. “గుడ్లు కనబడలేదు. నా కళ్ళకి ఆనలేదేమో. అన్నయ్యగారిని అడగాలి.” అడిగారు కూడా. కొత్తవాళ్ళకి గుడ్లు కనబడకపోవడం మామూలే. “ఎండ మీ భుజం మీదుగా గదుల్లోకి పడేట్టు అట్టని కొంచెం వంచి చూడండి టీచరు గారూ, ఉంటాయి” అని ఫోన్ పెట్టేశాను. ఆగస్టు 13 మధ్యాహ్నం ఈగలు లేచిపోయాయి. మధ్యలో 24 రోజులు. కూలి ఈగ (గూటి పనులన్నీ చేసే ఆడ ఈగ) గుడ్డు నుంచి బయటికి రావడానికి పట్టేది సుమారు మూడు వారాలు. అంటే రాణి గుడ్లు పెట్టడం మానేసింది, ఉన్న పిల్లలన్నీ పెరిగి రెక్కలొచ్చేదాకా ఆగింది, అందరూ కలిసి పోయారు. ఆవిడ చూసింది నిజం. నేను నమ్మలేదు.

ఆ సాయంత్రం పెట్టె తెరిచినప్పుడు చూసినవి వివరంగా చెబుతాను, ఎందుకంటే ఖాళీ పెట్టెని చదవడం వస్తే కారణం దొరుకుతుంది. అట్టలు చేతిలోకి తీసుకుంటే అప్పడంలా తేలిగ్గా ఉన్నాయి. తేనె చుక్క లేదు, పుప్పొడి లేదు, గుడ్డు లేదు. అడుగు పలక మీద చచ్చిన ఈగలు పది కూడా లేవు. బయటి వైపు రెండు అట్టల్లో మైనపు పురుగు పట్టింది: సాలెగూడులాంటి తెల్లని దారం సొరంగాలు, నల్లటి గసగసాల్లాంటి పెంట. టీచరు గారు వాటినే చూపించి, “ఇవే తినేశాయి అన్నయ్యగారూ, వీటి వల్లే పోయాయి” అన్నారు. దాదాపు అందరూ అదే అంటారు. కానీ మధ్యలో నాలుగు అట్టలు శుభ్రంగా ఉన్నాయి. ఈగలు కప్పి ఉంచిన అట్టలో మైనపు పురుగు బతకలేదు, లాగి పారేస్తాయి. ఈగల బలగం తగ్గి బయటి అట్టలు ఖాళీ అయ్యాకే అది చొరబడింది. కాబట్టి పురుగు వెనక వచ్చింది, కారణం దానికంటే ముందుది.

తెగులు కూడా కాదు. థాయ్ సాక్‌బ్రూడ్ అనే వైరస్ తెగులు 1991-92లో దక్షిణాది పట్టులని ఊడ్చిపెట్టేసింది. ఆ తెగులొస్తే పిల్లపురుగు గదిలోనే నీరు నిండిన సంచిలా అయి, తల పైకెత్తి పడవ ఆకారంలో ఎండిపోతుంది. అలాంటిది ఒక్కటి లేదు. గుంపు రెండుగా విడిపోవడమూ కాదు. అలా అయితే అట్టల అడుగు అంచున వేరుశనక్కాయల్లా వేలాడే రాణిగదులు ఉండాలి, సగం ఈగలైనా మిగలాలి. చచ్చినవి లేవు, మిగిలినవి లేవు, తిండి లేదు, పిల్ల లేదు. ఆకలీ, కుదురు లేకపోవడమూ కలిసి వెళ్ళిపోయిన పట్టు ఇలాగే ఉంటుంది.

ఇది నాకు కొత్త పాఠం కాకూడదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు నాకు తొమ్మిది పెట్టెలుండేవి. గాలికి ఎగిరిపోయింది ఒక్కటే. అసలు నష్టం తర్వాతి నెలల్లో జరిగింది. కొండ మీద చెట్లకి ఆకు కూడా మిగల్లేదు, ఇక పూవెక్కడిది. డిసెంబర్ దాకా పాకం పెట్టి మేపినా మరో మూడు లేచిపోయాయి. లేచిపోయే ముందు ఆ మూడింట్లోనూ రాణి గుడ్లు ఆపేసింది. ఆ విషయం నా డైరీలోనే ఉంది. అయినా ఒక కొత్త మనిషి అదే మాట చెబితే ఆవిడ చూపుని అనుమానించాను. ఈ కేసులో నన్ను ఎక్కువ బాధపెట్టింది అదే.

రెండోసారికి నవంబర్ దాకా ఆగమన్నాను. తుపాను వానలు తగ్గాక, శీతాకాలం ముందు. ఈసారి కొనలేదు. మా ఊళ్ళో కొండ మీద తేనె తీసే పెద్దాయన ఒక పాత గోడ బొరియలో పట్టు ఉందన్నాడు. దాన్నే పెట్టెలోకి ఎక్కించాం. టీచరు గారు దగ్గరుండి చేశారు. బొరియలోంచి అట్టలు ఒక్కోటీ కోసి, పిల్లలున్న వాటిని మాత్రం, పైది పైకే ఉండేలా ఫ్రేముకి ఆనించి అరటి నారతో కట్టాం. దారం కన్నా నార మేలు. ఈగలు అట్టని ఫ్రేముకి అతికించేశాక నారని అవే కొరికి బయట పడేస్తాయి. తేనె అట్టలు కట్టకూడదు, బరువుకి తెగి కారితే ఈగలు మునిగి చస్తాయి. గుంపులో రాణి దొరికేదాకా వెతికి ముందు దాన్ని లోపల వదిలాం. వదిలిన పది నిమిషాలకి మిగతావి వాకిట్లో తోకలెత్తి రెక్కలాడిస్తూ ఒకదాని వెనక ఒకటి లోపలికి నడిచాయి. “పిలుచుకుంటన్నాయి చూడమ్మా” అన్నాడు పెద్దాయన. చీకటిపడ్డాక వాకిలికి జాలీ కట్టి, ఆటోలో పెందుర్తి చేర్చాం. ఈగలు పాత చోటికి తిరిగి రాకుండా ఉండటానికి ఆ దూరం చాలు.

మూడు రోజులు వాకిలికి రాణిగేటు పెట్టాం. దాని సందుల్లోంచి కూలి ఈగలు వెళ్ళగలవు, రాణి వెళ్ళలేదు. ఆ తర్వాత ఆవిడకి ఒకటే షరతు పెట్టాను: ఇరవై ఒక్క రోజులు మూత మీద చెయ్యి వెయ్యకూడదు. బదులుగా పెట్టెకి పక్కగా, ఈగలు వచ్చిపోయే దారికి అడ్డం లేకుండా నాలుగడుగుల దూరంలో కుర్చీ వేసుకుని, రోజూ బడికి వెళ్ళే ముందు పది నిమిషాలు వాకిలి చూడాలి. ఐదు నిమిషాల్లో కాళ్ళకి పుప్పొడి ముద్దలతో వచ్చే ఈగలు ఎన్నో లెక్కపెట్టి రాయాలి. లోపల పిల్లలుంటేనే ఈగ పుప్పొడి కోసం ఎగబడుతుంది. రోజూ పుప్పొడి వస్తోందంటే రాణి గుడ్లు పెడుతోందని చాలావరకు నమ్మొచ్చు. ఎండ కాసే రోజుల్లో కూడా వరుసగా వారం పది రోజులు ఆ లెక్క పడిపోతుంటే అప్పుడు నాకు ఫోన్ చెయ్యాలి. గుడ్డు కనబడిందా లేదా అని కొత్త కళ్ళు పడే తంటాలన్నిటికీ బదులు ఈ ఒక్క లెక్క.

ఆ చలికాలం నోటుపుస్తకం చదువుతుంటే ఒక మనిషి చూపు ఎలా పదునెక్కుతుందో తెలుస్తుంది. మొదటి వారం: “చాలా ఈగలు. పుప్పొడి 9. పసుపు.” మూడో వారం: “పుప్పొడి 31. నిమ్మపండు రంగు 20, ముదురు నారింజ 8, బూడిద రంగు 3. నారింజ రంగు మునగ వైపు నుంచి రావడం లేదు, లేఅవుట్ వైపు నుంచి.” ఇంకో రోజు వాకిలి దగ్గర నాలుగు ఈగలు తలలు బయటికి పెట్టి, కదలకుండా నిలబడి రెక్కలాడిస్తున్నాయని రాశారు. మన ఈగ అలాగే నిలబడుతుంది, తోక వాకిలి వైపు, తల మన వైపు, బయటి గాలిని లోపలికి తోస్తుంది. ఐరోపా ఈగ దీనికి తిరగేసి నిలబడుతుంది. ఆవిడ ఎవరూ చెప్పకుండానే ఏ వైపు తిరిగి ఉన్నాయో గమనించారు. అప్పుడే నాకు ధైర్యం వచ్చింది.

డిసెంబర్‌లో ఒక శనివారం మూడు గంటలప్పుడు ఫోన్. గొంతులో టెన్షన్. “అన్నయ్యగారూ, మళ్ళీ వెళ్ళిపోతున్నాయి. పెట్టె ముందు వందల్లో తిరుగుతున్నాయి.” ఒక్క ప్రశ్న అడిగాను. వాటి మొహాలు ఎటున్నాయి? కాసేపు మౌనం. “పెట్టె వైపే. పెట్టెని చూస్తూ అటూ ఇటూ ఊగుతున్నాయి.” అవి కొత్తగా రెక్కలొచ్చిన ఈగలు. మధ్యాహ్నం ఎండలో మొదటిసారి బయటికి వచ్చి, తమ ఇంటి ముఖం గుర్తుపెట్టుకోవడానికి అలా ఎదురుగా ఊగుతాయి. పావుగంటలో లోపలికి పోతాయి. లేచిపోయే గుంపైతే వాకిట్లోంచి నీళ్ళు పొంగినట్టు పోస్తుంది, వెనక్కి తిరిగి చూడదు. పావుగంటకి మెసేజ్ వచ్చింది: అన్నీ లోపలికి వెళ్ళాయి. కొత్త ఈగలు బయటికి వస్తున్నాయంటే కొన్ని వారాల కిందట పెట్టిన గుడ్లు చేతికొచ్చినట్టే. ఆ మాట చెబితే ఆవిడ కాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఇరుగుపొరుగు విషయం కూడా ఆ నెలలోనే వచ్చింది. పక్కింటివాళ్ళ వరండాలో రాత్రి ట్యూబ్‌లైట్ చుట్టూ ఈగలు చేరి, వాళ్ళ పాప చేతి మీద ఒకటి కుట్టింది. వెంటనే ముల్లు తీసేశారు, కాస్త వాచి తగ్గిపోయింది. మొహం వాచినా, ఊపిరాడకపోయినా, ఒళ్ళంతా దద్దుర్లు వచ్చినా మాత్రం చిట్కాలు మాని సరాసరి ఆసుపత్రికి వెళ్ళాలని ఆ రెండిళ్ళవాళ్ళకీ చెప్పి వచ్చాను. వెలుతురు నేరుగా వాకిలి మీద పడుతుండటం వల్ల అలా జరిగింది. పెట్టె వాకిలి గోడ వైపు తిప్పి, ముందు ఆరడుగుల ఎత్తున ఆకుపచ్చ వల కట్టించాం. దాంతో ఈగలు లేస్తూనే మనిషి తల ఎత్తు దాటి పోతాయి. పక్కింటి ఏసీ నీటి గొట్టం దగ్గరికి పోకుండా మన పెరట్లోనే మట్టిమూకుడులో గులకరాళ్ళు వేసి నీళ్ళు పెట్టాం. ఒకసారి అలవాటైన నీళ్ళచోటు ఈగ ఒక పట్టాన మానదు. అందుకని ముందే పెట్టాల్సింది.

ఇరవై రెండో రోజు మూత తీసినప్పుడు నేనూ వెళ్ళాను. పొగడబ్బాలో కొబ్బరిపీచు, రెండంటే రెండు దమ్ములు. మొదటి పట్టుకి ఆవిడ ఒక్కోసారి డబ్బా ఖాళీ అయ్యేదాకా పొగ కొట్టేవారట. నార జాడే లేదు, మేం కట్టిన అట్టలకి అడుగున కొత్త మైనం, పాలమీగడలా తెల్లగా. ఆవిడ ఫ్రేముని ఎండకి వీపు పెట్టి పట్టుకుని, కొంచెం వంచి, చాలాసేపు చూశారు. తర్వాత చూపుడువేలు అట్టకి తగలకుండా ఒక గది మీద ఆపారు. గది అడుగున ఒకే ఒక గుడ్డు, తెల్లదారం ముక్క నిలబెట్టినట్టు. గుడ్డు నిటారుగా ఉందంటే కొత్తగా పెట్టింది, మూడు రోజుల్లో పక్కకి ఒరిగి పగులుతుంది. అంటే మేం చూడకపోయినా రాణి లోపలే, క్షేమంగా ఉంది. నాలుగు నిమిషాల్లో మూత పెట్టేశాం.

జనవరి నుంచి నెలకి ఒకసారో రెండుసార్లో తెరవడం, అదీ ఏదో ఒక ప్రశ్న ఉంటేనే. ఫిబ్రవరిలో వాకిలి ముందు చిన్న గట్టి మూతలు రాలాయి, ఒక్కోదానికీ నడిమధ్య గుండుసూది గుచ్చినట్టు చిల్లు. తెగులేమోనని ఫొటో పంపారు. అవి పోతుటీగల గదుల మూతలు. ఆ చిల్లు మన ఈగకే ఉంటుంది. పోతుటీగలు పుడుతున్నాయంటే పట్టు బలపడి రెండుగా విడిపోయే ఆలోచనలో ఉంది. మార్చిలో అట్టల అడుగున మూడు రాణిగదులు కనబడితే అదను చూసి విడదీశాం. కొత్త ముక్క నా దగ్గరే ఉంది.

విడదీయడం వల్ల తేనె తగ్గుతుందని ఆవిడకి ముందే చెప్పాను. బాగా చూసుకున్న మన ఈగ పెట్టె ఏడాదికి మూడు నుంచి ఐదు కిలోలిస్తే సంతోషించాలి. మే రెండో వారంలో పై అరలో మూడు ఫ్రేములు ముప్పావు వంతు మైనపు మూతలు వేసుకున్నాయి. వాటినే తీసి, తేనె తీసే తిప్పుడు యంత్రంలో పెట్టాం. కేజీ ఎనిమిది వందల గ్రాములు. మూత పడని ఫ్రేములు వదిలేశాం. మన సముద్రపు గాలి తేమకి తొందరపడి తీసిన తేనె నిలవదు, నీరు 20 శాతం దాటితే పులుస్తుంది. నా మొదటి ఏడాది సీసాలు అలాగే పొంగి, మూతలు ఎగిరిపోయాయి. కింది అరలో తేనె ఒక్క గది కూడా ముట్టుకోలేదు. అది వానల కోసం ఈగలు దాచుకున్నది.

జూన్‌లో ఆ పాత కరువు మళ్ళీ మొదలైంది. ఈసారి పెట్టె కాళ్ళ కింద నీళ్ళ మూకుళ్ళున్నాయి, చీమలు ఎక్కలేవు. బలగం తగ్గేకొద్దీ ఖాళీ అట్టలు తీసేసి, ఉన్న ఈగలు కప్పగలిగినన్నే ఉంచుతున్నారు. మైనపు పురుగుకి చోటివ్వకపోవడమంటే అదే. మన ఈగ ఐరోపా ఈగలా బంకతో మూతని అతికించుకోదు, గాలివానకి లేచిపోతుందని మూత మీద రెండు ఇటుకలు పెట్టారు. పంచదార, నీళ్ళు సమానంగా కలిపిన పాకం, చీకటి పడ్డాక, మూతకి సూదిచిల్లులు చేసిన సీసా తలకిందులుగా పెట్టె లోపలే. రోజు విడిచి రోజు గ్లాసుడు.

జూలై 20న నేను ఫోన్ చేయలేదు, ఆవిడే ఆ రోజు పేజీ ఫొటో తీసి పంపారు.

“ఉదయం 6.40. రాత్రంతా వాన, ఇప్పుడు తెరిపి. పుప్పొడి 14, ఎక్కువ కొబ్బరిది. తీగ మీద పసిరిక పిట్టలు రెండు. ఒక ఈగ తల బయటికి పెట్టి రెక్కలాడిస్తోంది. పెట్టె తెరవలేదు. సాయంత్రం పాకం.”